పన్నెండో వరస పాట

సెప్టెంబరు 4, తేలూరు నలభై తొమ్మిదో ఏడు

రోహిణి నన్ను ఈ దినచర్య పెట్టమంది. సాధన ఎలా సాగుతోందో, ఎవరి గొంతు ఎక్కడ జారుతోందో రోజూ మాటలు వినే పలకకు చెబితే ఆ పలకే అక్షరాల్లో రాసుకుంటుందట. నాకు చెప్పడం మొదలుపెడితే ఆపడం చేతకాదు. బళ్ళో ముప్పై ఏళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాను. కాబట్టి సాధన సంగతులే కాకుండా మిగతావి కూడా ఇందులో పడతాయి.

ఇవాళ పొద్దున్న మంచినీళ్ళ మిషను జల్లెడలు కడిగే వంతు మా ఇంటిది. ఉప్పు గట్టిగా పట్టేసింది. గోళ్ళతో గీకి గీకి చివరికి చెంచా తెచ్చుకున్నాను. పక్కింటి పైడమ్మత్త తన వాటా తుడుపు తుడిచి, కింద తెప్పకు పట్టిన గుల్లలు కూడా గీకించాలని గుర్తు చేసింది. తెప్పలను వరసలుగా మోకులతో కట్టిన ఈ ఊళ్ళో మా పదకొండో వరసే చివరిది. అలల దెబ్బ ముందు మాకే తగులుతుంది, గుల్లలూ మాకే ఎక్కువ.

సాయంత్రం ఆరో వరస హాలులో మొదటి సాధన. రోహిణి నా దగ్గర సరళీస్వరాలు నేర్చుకున్న పిల్ల. రెండో వరస వాళ్ళమ్మాయి. ఒడ్డుకు వెళ్ళి సంగీతం చదివి, వస్తూ నలభై నిమిషాల బృందగానం ఒకటి తెచ్చింది; ఎదుట నిలబడి చేత్తో నడిపించే పని నాకిచ్చింది. పేరు 'పన్నెండో వరస'.

ఆ పేరు వినగానే హాలులో గుసగుసలు ఆగిపోయాయి. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళెవరికీ దాని సంగతి చెప్పనక్కరలేదు. మా ఊళ్ళు సముద్రంలో కలిసిపోయాక, ఒడ్డున మాకు జాగా ఇచ్చేవాళ్ళు లేక, ఈ తెప్పలు కట్టుకుని నీళ్ళ మీదికి వచ్చాం. నీళ్ళ మీద తేలేవాళ్ళమని ఒడ్డు వాళ్ళు మమ్మల్ని తేళ్ళంటారు. ఊరు కట్టిన తొమ్మిదో ఏట పెద్ద తుఫాను వచ్చింది. పన్నెండో వరస లంగర్లు ఊడి, ఆ బరువు పదకొండో వరసను లాగసాగింది. అలాగే లాగితే ఊరంతా కొట్టుకుపోతుందని సభ కూర్చుంది. సభలో తొమ్మిది మంది. నలుగురు మోకులు కోసేయమన్నారు, నలుగురు వద్దన్నారు. సభాపతి తన ఓటు వేశాడు. మనుషులున్నారని తెలిసే కోశారు.

తరవాత జనం తిరగబడి ఆ సభను దించేశారు. కొత్త ఒడంబడిక రాసుకున్నారు. దాని మొదటి మాట బళ్ళో చేరిన ప్రతి పిల్లా నేర్చుకుంటుంది: 'మనుషులున్న మోకును ఎవరూ కోయరాదు.'

రోహిణి పాటలో మగవాళ్ళది సభ. ఆడవాళ్ళది పన్నెండో వరస. ఆ రోజు రేడియోలో ఆ వరస వాళ్ళు పంపిన మాటలే మా చరణాలు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ మాటలు మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేను స్వయంగా విన్నాను.

సెప్టెంబరు 11

నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పాడటం మా వాళ్ళకు కొత్త. భజనలో అందరిదీ ఒకటే దారి. వలలు లాగేటప్పుడు పాడే పాటా అంతే. పక్కవాడి స్వరం చెవిలో పడగానే మనవాళ్ళు మర్యాదగా అందులోకి వెళ్ళిపోతారు. చెవులు మూసుకుని పాడమంటే ఒకాయన నిజంగానే వేళ్ళు పెట్టుకున్నాడు. రోహిణి నవ్వలేదు. ఓపికగా ఒక్కొక్కరి పక్కనా నిలబడి వాళ్ళ స్వరం వాళ్ళ చెవిలో పాడింది.

సభాపతి వంతు ఎవరు పాడాలన్నది తేలలేదు. పాట మధ్యలో అతనొక్కడే పాడాలి. ఓటు వేసే ముందు అతను మాట్లాడిన మాటలు. ఎవరూ ముందుకు రాలేదు.

చివరికి గురువులు మావ లేచాడు. మైలపల్లి గురువులంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. జీవితమంతా మోకుల పని చేసి దిగిపోయాడు. డెబ్భై దాటినా మంద్రంలో అతని గొంతు నేల కింద నుంచి వచ్చినట్టుంటుంది. అతని భార్య నూకాలత్త పన్నెండో వరసలో పుట్టింటికి వెళ్ళి ఉంది, ఆ రోజున. మావ కొడుకుతో మూడో వరసలో ఉండిపోయాడు.

రోహిణి తటపటాయించింది. ఆ వంతు మీకొద్దు, నలుగురితో కలిసి పాడండి చాలు అని బతిమాలింది. మావ వినలేదు.

"ఆడిని నాను తిట్టినంత ఎవులూ తిట్టనేదు," అన్నాడు. "ఆడి మాటలు నా నోటితో అంటే ఎలగుంటాదో సూడాల."

సెప్టెంబరు 19

ఇవాళ సభ నుంచి ప్రకటన వచ్చింది. నిరుడు తుఫానుకు పదో వరస ఒక పక్కకు ఒరిగిన సంగతి అందరికీ తెలుసు. ఇనుము అలిసిపోయిందని, సముద్రం ఏటేటా ముదురుతోందని ఇంజినీర్లు తేల్చారు. అందుకని ఒడంబడికలో మొదటి మాట మార్చాలంటున్నారు. కొత్త మాట ఇది: 'ఊరికి ముప్పు వచ్చినప్పుడు, వీలైనంత వరకు మనుషులను తరలించిన పిమ్మట, సభ మోకులను కోయించవచ్చు.' అక్టోబరులో ఊరంతా ఓటు వేయాలి. మా పాట జరిగిన మూడో రోజున.

కోయాల్సి వస్తే ముందు తెగేది పదో వరసకూ మాకూ మధ్య మోకే. సాధనకు వెళితే రోహిణి ముఖం వెలిగిపోతోంది. ఇంతకంటే మంచి సమయం రాదని, జనం ఈ పాట విని వెళ్ళి ఆ మాటకు ఎలా ఓటేస్తారని నన్ను పట్టుకుని ఊపేసింది. నాకూ నమ్మాలనిపించింది.

సాధన బాగా జరగలేదు. పదో వరస ఆడవాళ్ళు ఒక చివర, మా వరస వాళ్ళం ఒక చివర కూర్చున్నాం. ఎవరూ అలా కూర్చోమనలేదు.

సెప్టెంబరు 27

కారి సత్యవతి దగ్గరికి వెళ్ళాను. ఇప్పటి సభాపతి ఆమే. చిన్నప్పుడు ఇద్దరం ఒకే పలక మీద రాసుకున్నాం. నన్ను చూడగానే ఎండుచేపలు వేయించి అన్నం పెట్టింది. తినే వరకు ఆ మాట ఎత్తలేదు.

ఎత్తాక ఏదీ దాచలేదు. వరసల మధ్య దాటే నడకబల్లలు గాలి ముదిరే లోపే ఎత్తేయాలట, లేకపోతే అవే తెప్పలను పొడిచేస్తాయి. లోపలి వరసల్లో చోటు అందరికీ చాలదు. మోకు కోసే అధికారం లేకపోతే తుఫానులో సభ చేతులు కట్టుకుని ఊరు మునగడం చూడాలి. మేం చేయగలిగినదంతా చేశాకే ఆ మాట వస్తుంది అంది.

'వీలైనంత వరకు' అన్న ముక్క తీసెయ్యమని అడిగాను. మనుషులందరినీ తరలించిన పిమ్మట అని రాయమన్నాను. ఆమె నా కంచం తీసి పక్కన పెట్టింది.

"అది రాస్తే అబద్ధం రాసినట్టే దమయంతీ," అంది. "అందర్నీ తేగలనని నాకు నమ్మకం లేదు."

పాట ఆపించాలనుకుంటున్నావా అని అడిగాను. ఆమె నొచ్చుకుంది. హాలుకు కరెంటు, దీపాలు, బల్లలు అన్నీ సభే ఇస్తోందని, ముందు వరసలో కూర్చుంటానని చెప్పింది. వస్తుంటే మిగిలిన చేపలు మూటగట్టి చేతిలో పెట్టింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది.

అక్టోబరు 6

పాట గట్టిపడుతోంది. మూడో భాగంలో ఆడవాళ్ళు పాడే మాటలు చాలా మామూలువి. 'ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. పిల్లల్ని బల్లల మీద నిలబెట్టాం. పడవ పంపండి.' ఇంతే. ఈ ముక్కలే కిందికీ పైకీ తిరుగుతుంటాయి. కింద మగవాళ్ళు సభలో వాదించుకుంటుంటారు. ఒక్కసారి కూడా ఆ రెండు గుంపుల స్వరాలు కలవవు.

పైడమ్మత్తకు చదువు రాదు. విని నేర్చుకుంటుంది. 'పడవ పంపండి' దగ్గర రోహిణి సన్నగా, వణుకు లేకుండా పాడమంటే అత్త కేక వేసినట్టు పాడుతోంది. నాలుగుసార్లు ఆపాక అత్త శాంతంగా చెప్పింది.

"పడవ గావాలంటే ఎవులైనా అరుస్తారమ్మా. సన్నగా అడిగితే ఎవులికి ఇనపడతాది?"

రోహిణి కాసేపు ఆలోచించి, అత్త ఒక్కతే అలా పాడవచ్చని, మిగతావాళ్ళు సన్నగా పాడాలని మార్చింది. ఇప్పుడు ఆ చోటు వస్తే నా చెయ్యి తాళం తప్పుతోంది.

గురువులు మావ పాడటం గురించి కూడా చెప్పాలి. మొదట్లో అతను ఆ మాటలను ఉమ్మేసినట్టు పాడేవాడు. రోహిణి ఏమీ అనేది కాదు. ఇప్పుడు అలా లేదు. 'నా వెనక ఇన్ని ఇళ్ళున్నాయి' అనే చోట అతని గొంతు ఒక్క క్షణం తడబడుతుంది. అది రాసింది కాదు. కావాలని చేస్తున్నదీ కాదు. సాధన అయ్యాక నేరుగా పదో వరసలో మనవరాలింటికి వెళ్ళిపోతున్నాడు. ఆ పిల్ల, కల్యాణికి, రెండు నెలల కిందట కొడుకు పుట్టాడు.

అక్టోబరు 15

పాడేశాం.

హాలు చాలలేదు. చుట్టూ ఇళ్ళ పైకప్పుల మీద కూర్చున్నారు. తెప్పల మధ్య పడవలు కట్టుకుని వాటిల్లో కూర్చున్నారు. సముద్రం నూనె పోసినట్టుంది.

మొదటి భాగంలో మగగొంతులు కొంచెం పరుగెత్తాయి. నేను చేత్తో పట్టి ఆపాను. రెండో భాగం నుంచి ఇక నేను నడిపించలేదు, వాళ్ళే నడిచారు. 'పిల్లల్ని బల్లల మీద నిలబెట్టాం' దగ్గర జనంలో ఎవరో ముసలామె నోట్లో కొంగు కుక్కుకుంది. పైడమ్మత్త కేక నీళ్ళ మీదుగా ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. గురువులు మావ లేచి నిలబడి సభాపతి మాటలు పాడాడు. తన ఓటు చెప్పే మాట మీద స్వరాన్ని ఊపిరి అయ్యేదాకా పట్టుకోవాలి. పట్టుకున్నాడు. ఆ వయసులో అంత ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో.

అయిపోయాక చప్పట్లు లేవు. ముందు వరసలో సత్యవతి ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. తరవాత జనం వచ్చి మా చేతులు పట్టుకున్నారు. పదో వరస ఆడవాళ్ళు, నెల రోజులుగా మాకు దూరంగా కూర్చున్నవాళ్ళు, పైడమ్మత్తను కావలించుకుని ఏడ్చారు.

రోహిణి నా భుజం మీద తల పెట్టి గెలిచాం టీచర్ అంది. నేనూ అదే అనుకున్నాను.

అక్టోబరు 18

ఓడిపోయాం. కొద్ది తేడాతో కూడా కాదు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు మార్పుకే వేశారు.

అంటే ఆ రోజు మా చేతులు పట్టుకున్నవాళ్ళే వేశారు. ఏడ్చారు, ఇళ్ళకు వెళ్ళారు, మూడో రోజున వచ్చి వేశారు. ఆ కన్నీళ్ళు దొంగవని నేను అనలేను. నేను ఎదురుగా నిలబడి చూశాను.

సాయంత్రం కల్యాణి కొడుకును చూద్దామని పదో వరసకు వెళ్ళాను. నిజానికి మావ దగ్గర కూర్చుని ఏడుద్దామని వెళ్ళాను. అతను గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను కూర్చోకముందే చెప్పేశాడు.

"నాను కోతకే ఏసినాను దమయంతమ్మా."

అతనే చెప్పుకుపోయాడు.

"నలబై ఏళ్ళు ఆడు రాచ్చసుడనుకున్నాను. అలగనుకుంటే నాకు నిద్దరట్టేది. రోహిణమ్మ ఆడి మాటలు నా నోట్లో ఎట్టినాది. పాడగా పాడగా ఆడి ఎనకాల ఊరు అగుపడ్డాది. పసిపిల్లలు అగుపడ్డారు. ఆ కుర్సీలో నానున్నా అదే సేసుందును."

"నూకాలత్త ఉందని తెలిసి కూడానా?" అని అడిగాను.

లోపల పసివాడు ఏడుస్తున్నాడు. కల్యాణి ఊరుకోబెడుతోంది.

"తెలిసి కూడాను," అన్నాడు. తరవాత నా ముఖంలోకి చూశాడు. "నువ్వు పదకొండులో ఉన్నావని తెలిసే ఏసినాను. ఆ ముక్క నీకు సెప్పకుండా నీ ఎదట ఇంకెప్పుడూ పాడనేను."



అక్టోబరు 20

రోహిణికి ఈ సంగతి నేనే చెప్పాను. ఇంకొకరి నోట వింటే బాధపడుతుందని. ఆమె తల వంచుకుని విన్నది.

"అతను మనిషిలా వినపడాలనే రాశాను టీచర్," అంది. "రాక్షసుణ్ణి చేస్తే అందరూ వాణ్ణి తిట్టుకుని హాయిగా ఇంటికి పోతారని."

అది తప్పని నేను అనలేదు, తప్పు లేదని కూడా అనలేదు. సాధన ఇక పెట్టడం లేదని ఆమె అందరికీ కబురు చేసింది.

నవంబరు 3

మూడు రోజుల తరవాత ఇవాళే కరెంటు వచ్చింది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కరెంటు పోయిన రోజున, తుఫాను సాయంత్రానికి వస్తుందన్నారు. పొద్దున్న పదింటికే గాలి తిరిగింది. మా వరసలో పిల్లల్ని, బాలింతల్ని లోపలికి పంపడం మొదలుపెట్టాం. సగం మంది దాటారో లేదో నడకబల్లలు ఎగిరెగిరి పడసాగాయి, ఎత్తేశారు. మిగిలినవాళ్ళం బడిలో చేరాం. మా వరసలో గట్టి కట్టడం అదొక్కటే. పైడమ్మత్త, నేను, ముసలివాళ్ళు, దాటలేక ఉండిపోయిన కొందరు పిల్లలు, వాళ్ళ తల్లులు.

కిటికీలోంచి పదో వరస అంచు కనబడుతోంది. అక్కడ మోకుల దగ్గర కోత మిషను పెట్టుకుని నలుగురు నిలబడ్డారు. నడుములకు తాళ్ళు కట్టుకున్నారు. వానలో ముఖాలు సరిగా తెలియలేదు కానీ ఒకతని నిలుచునే తీరు చూసి పోల్చాను. సుమంత్. మా మగగొంతుల్లో పైస్థాయి పాడే కుర్రాడు. ఓనమాలు నా దగ్గరే దిద్దాడు.

అతను మా వైపు చూడలేదు. మిషను మీద చెయ్యి వేసుకుని, చెవికి పెట్టుకున్న రేడియో కోసం తల వంచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం కిందినుంచి నీళ్ళు వచ్చాయి. పిల్లల్ని బల్లల మీదికి ఎక్కించాం. అప్పుడు రేడియోలో సత్యవతి గొంతు వినిపించింది. పదకొండో వరసలో ఎందరున్నారు, ఎలా ఉన్నారు చెప్పమంది. రేడియో నా చేతిలో ఉంది.

"ఇక్కడ అందరం బాగానే ఉన్నాం," అన్నాను. "నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి."

అన్న తరవాత గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. అవతల సత్యవతి కూడా గుర్తుపట్టి ఉండాలి. చాలాసేపు రేడియోలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. బడిలో ఆడవాళ్ళందరూ నా వైపు చూస్తున్నారు. అందరికీ తరవాతి మాటేమిటో తెలుసు. ఎవరమూ అనలేదు. అంటే అది పాటైపోతుందని భయం వేసింది.

తెప్ప కింద ఇనుము మూలిగింది. ఒక పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, టీచర్, ఆ అన్నయ్య ఏం చేస్తున్నాడు అని అడిగింది. మన మోకు ఊడిపోకుండా కాపలా కాస్తున్నాడని చెప్పాను.

చీకటి పడకముందే గాలి ఉత్తరానికి తిరిగింది. సెలవు తీసుకున్నట్టు వాన సన్నబడింది. ఎదుట ఆ నలుగురు మిషనుకు గుడ్డ కప్పి వెళ్ళిపోయారు. కోయలేదు.

నవంబరు 9

ఊరంతా పండగలా ఉంది. ఎవరూ పోలేదు. కొత్త మాట రాసుకున్నాం గానీ వాడే పని పడలేదు చూశారా అంటున్నారు. సత్యవతి వచ్చి మా వరసలో ఇల్లిల్లూ తిరిగింది. నా గుమ్మంలో నిలబడి, ఆ రోజు తన నోట కోయమన్న మాట రాలేదని, వచ్చి ఉండేదో కాదో తనకే తెలియదని చెప్పింది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. తాగి వెళ్ళింది.

సాయంత్రం బడిలో మా వరస వాళ్ళం కూడాం. మాట్లాడేవాళ్ళు తక్కువ. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతున్నారని ఒకామె చెప్పింది. సుమంత్ వాళ్ళమ్మ తనను పలకరిస్తే ముఖం తిప్పుకోవాల్సి వచ్చిందని ఇంకొకామె చెప్పింది. అప్పుడు పైడమ్మత్త మాట్లాడింది.

"కొయ్యనేదు కదా అంటన్నారు. ఇక ఏటేటా గాలొస్తాది, ఆల్లు మిసన్లట్టుకు నిలబడతారు, మనం కిటికీలోంచి సూస్తం. కొయ్యకపోతే దండాలెడతాం. అలగ నాను బతకనేను."

ఏం చేద్దామని అడిగారు. వెళ్ళిపోదామంది. మన వరసను మనమే విప్పుకుని ఒడ్డుకు పోదామంది. ఒడ్డున ఇసుకదిబ్బల మీద ఎవరికీ పనికిరాని జాగా ఉంది, అక్కడి అధికారులను అడిగితే ఇవ్వచ్చని ఎవరో అన్నారు. తేళ్ళను రానిస్తారా అని ఇంకెవరో అన్నారు. చేతులెత్తమన్నారు. నేను ఎత్తలేదు. ఆరో వరస హాలు, బడి, చనిపోయిన నా భర్త పని చేసిన లంగరు పడవ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చుట్టూ చూస్తే అన్ని చేతులూ లేచి ఉన్నాయి. ఇక నేనూ ఎత్తాను.

నవంబరు 21

ఇవాళ విడిపోయాం.

ఒడ్డు అధికారులు ఇసుకదిబ్బల మీద జాగాకు ఒప్పుకున్నారు, సభ అడ్డు చెప్పలేదు. రెండు లాగుడు పడవలు ఇచ్చింది. సముద్రం నిమ్మళంగా ఉంది. పొద్దున్నే పదో వరస అంచంతా జనం. రోహిణి నిన్ననే వచ్చి, బృందమంతా ఆ అంచున నిలబడి పాడతామని, ఒప్పుకోమని అడిగింది. వద్దన్నాను. పాడితే వాళ్ళ మనసు తేలికపడుతుంది. తేలికపరిచి వెళ్ళే ఓపిక నాకు లేదు. ఆమెకు ఇది చెప్పలేదు. గొంతులు అరిగిపోయి ఉన్నాయి, వద్దు అన్నాను. ఆమె అర్థం చేసుకుంది. నా కాళ్ళకు దండం పెట్టబోతే లేవదీసి పట్టుకున్నాను. ఇంకేమన్నా రాస్తున్నావా అని అడిగితే లేదంది.

మోకుల బిగింపులన్నీ పదో వరస పక్కనే ఉంటాయి. విప్పాలంటే అటువైపు మనిషే విప్పాలి. ఇప్పుడు పనిలో ఉన్న కుర్రాళ్ళెవరూ ముందుకు రాలేదు. సుమంత్ అసలు కనబడలేదు. గురువులు మావ పెద్ద పానా భుజాన వేసుకుని వచ్చాడు. ఆ రోజు తరవాత మేం మాట్లాడుకోలేదు.

ఒక్కొక్క మోకూ విప్పుకుంటూ చివరి దాని దగ్గరికి వచ్చాడు. నేను ఇటు అంచున నిలబడి ఉన్నాను. మా ఇద్దరి మధ్య బారెడు నీళ్ళు. అతను పానా తగిలించి, తిప్పకుండా ఆగాడు.

"ఇప్పమంటావేటమ్మా?"

వద్దంటానని అతనికి ఆశ ఉందేమో. నాకూ ఉందేమో.

"విప్పు మావా," అన్నాను.

తిప్పాడు. మోకు నీళ్ళలోకి జారింది. మొదట ఏమీ కదల్లేదు. తరవాత ఆ బారెడు నీళ్ళు రెండు బారలయ్యాయి. అతను పానా కింద పెట్టి, తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

డిసెంబరు 12

ఒడ్డు మీద మూడు వారాలు. ఇక్కడ పుట్టినవాళ్ళకు తెలియదు, నేల కదలకపోతే కడుపులో తిప్పుతుంది. పిల్లలు వాంతులు చేసుకున్నారు. పెద్దవాళ్ళం గోడలు పట్టుకుని నడిచాం. ఇప్పుడు కొంచెం నయం. తెప్పల చెక్కలతోనే ఇళ్ళు కట్టుకుంటున్నాం. బడి డేరాలో నడుస్తోంది. పక్క ఊరి వాళ్ళు మొదట దూరం నుంచి చూసి పోయేవాళ్ళు. నిన్న ఒకావిడ గంప నిండా వంకాయలు తెచ్చి దింపి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. పైడమ్మత్త మట్టిలో మెంతులు చల్లి రోజూ వెళ్ళి చూసుకుంటోంది.

నిన్న సాయంత్రమే రేడియోలో గురువులు మావ పిలిచాడు. మామూలుగా ఆరోగ్యాలు అడిగాడు. నీళ్ళు బాగున్నాయా అన్నాడు. బాగున్నాయన్నాను. ఇక రేడియో కట్టేస్తాడనుకున్నాను.

"ఇప్పుడు మాదే ఆకరి వరస," అన్నాడు.

నాకు ఒక్క నిమిషం పట్టింది. పదకొండు పోతే పదే చివర. ఇన్ని రోజుల్లో మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. మా బాధలో మేమున్నాం.

తొమ్మిదో వరస అంచుకు కోత మిషను తెచ్చి పెట్టారట. కల్యాణి చూసిందట. తాతా, ఆ రోజు నువ్వు దేనికి వేశావు ఓటు అని అడిగిందట. అబద్ధం చెప్పలేదట. అప్పటి నుంచి అన్నం పెడుతోంది గానీ మాట్లాడటం లేదట. ఇదంతా అతను ఫిర్యాదులా చెప్పలేదు. నన్ను ఏమీ అడగలేదు కూడా. అడిగే హక్కు తనకు లేదనుకున్నాడు.

అతను ఆ రోజు గుమ్మంలో చెప్పిన మాట నేను మరచిపోలేదు. మరచిపోతానని కూడా అనుకోను. పిల్లాడు బోర్లా పడుతున్నాడా అని అడిగాను. పడుతున్నాడన్నాడు.

ఇవాళ పొద్దున్న జాగాలు పంచే అధికారి దగ్గరికి వెళ్ళాను. మా ఇంటికి ఆనుకుని తూర్పున కొంచెం ఖాళీ ఉంది. అది ఎవరికీ ఇవ్వవద్దని, నాకు తెలిసినవాళ్ళు ఉన్నారని చెప్పాను. ఎవరెవరు ఉంటారని అడిగాడు. ఒక తల్లి, ఒక పసివాడు, ఒక ముసలాయన అన్నాను. వాళ్ళు వస్తామన్నారా అని అడిగాడు. ఇంకా అడగలేదు, అడగాలి అన్నాను. ఆయన పటంలో ఆ జాగా మీద గుర్తు పెట్టుకుని, సరే, ఎండలు ముదిరేదాకా ఉంచుతానన్నాడు.

పైడమ్మత్త గునపం పట్టుకుంది, నేను మేకులు పట్టుకున్నాను. ఆ ఖాళీకి నాలుగు మూలలా దిగ్గొట్టి వచ్చాం.